వెలుగు: వెనక నుంచి

ఇంకా నలభై ఎనిమిది నిమిషాలట సూర్యుడికి. ఫోన్‌లో యాప్ చెబుతోంది, నేను నమ్మేస్తున్నాను, ఈ నెల రోజుల్లో నాతో నిజం చెప్పింది అదొక్కటే కాబట్టి. మాటులో ఇద్దరమే ఉన్నాం, నేనూ బాబాయీ. మాటు అంటే పెద్దగా ఏదో ఊహించుకునేరు. నాలుగు చెక్క గోడలు, పైన రేకు, లెన్సు బయటికి పెట్టుకోడానికి ఎదురుగా జానెడు సందు, కూర్చోడానికి ఒక బల్ల. బల్లకి ఒక కాలు పొట్టి. ఒకరు సర్దుకుంటే రెండోవాళ్లు ఊగుతారు. నాలుగేళ్లుగా ఊగుతూనే ఉన్నాను, ఎప్పుడూ నవ్వొచ్చేది. ఇవాళ బాబాయ్ ఫ్లాస్కు కోసం వంగినప్పుడల్లా నేను లేస్తున్నాను, ఆయన వెనక్కి వాలినప్పుడల్లా దిగుతున్నాను, ఎవరో నన్ను తక్కెడలో వేసి తూస్తున్నట్టుంది. ఇక్కడ మాట్లాడకూడదు. పక్షులు బెదురుతాయి. ఆ రూలు పెట్టింది బాబాయే, చెక్క మీద పెయింటుతో రాసింది కూడా ఆయనే: "ఇక్కడ నోటికి సెలవు." బెదరడానికి ఎదురుగా ఒక్క పక్షి లేదు ఇప్పుడు, అయినా ఇద్దరం బుద్ధిగా నోరు మూసుకుని కూర్చున్నాం. నిన్నటి నుంచి నేను కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతు దగ్గర వరస కట్టి నిలబడ్డాయి, టోకెన్ నంబరు మాత్రం ఎవరూ పిలవడం లేదు.

నీళ్లు ఇనుము రంగులో ఉన్నాయి. ఇది ఊరికంతటికీ కొళాయి నీళ్లిచ్చే రిజర్వాయరు, చుట్టూ కంచె, ఒకటే గేటు, గేటుకి కార్డు మెషీను. మా మాటు తూర్పు కట్ట మీద, పడమరకి మొహం పెట్టి ఉంటుంది, కాబట్టి సూర్యుడు ఎప్పుడూ మా వీపు వెనక లేస్తాడు. ఎదురుగా నీళ్ల మధ్య ముళ్లచెట్ల దిబ్బ, తెల్ల కొంగలు గూళ్లు కట్టేది దాని మీదే. దిబ్బకి అవతల పదిహేనడుగుల దూరంలో పడమటి కట్ట. అటు వెళ్లకుండా ఎర్ర తాడు కట్టి ఉంటుంది. గూళ్ల కాలంలో ఆ తాడు దాటి మనిషి కనబడ్డాడా, కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి, గుడ్లనీ పిల్లల్నీ వదిలేసి. అవి భయం తీరి తిరిగొచ్చేలోపు కాకులు పని ముగించేస్తాయి. కాకులకి ఆలస్యం అనే జబ్బు లేదు. ఉదయం తొమ్మిదికి గేటు మూసేస్తారు, సాయంత్రాలు ఎవరినీ రానివ్వరు. అంటే ఏమిటి? ఈ మాటులో కూర్చుని, ఒప్పుకున్న టైములో, ఎవరు ఫోటో తీసినా వెలుగు కొంగ మొహం మీదే పడాలి. వేరే దారి లేదు. ఇది అభిప్రాయం కాదు, జామెట్రీ.

తెల్ల పక్షిని ఫోటో తీయడం తేలికనుకుంటారు జనం, అంత తెల్లగా, అంత కదలకుండా నిలబడుతుంది కదా అని. కదలకపోవడం కొంగ జపం సంగతి, దాన్ని నమ్ముకున్న చేపనడగండి చెబుతుంది. తెలుపు సంగతి వేరే. వెనక నీళ్లు నల్లగా ఉంటే కెమెరా అయ్యో చీకటి అనుకుని వెలుగు ఎక్కువ లాగేస్తుంది, అప్పుడు కొంగ కాలిపోతుంది. కాలిపోవడం అంటే ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ చివరి మెట్టు రెండువందల యాభై ఐదుకి కొట్టుకుని ఆగిపోవడం, ఇక అక్కడ ఈక లేదు, మెడ మడత లేదు, కొంగ ఆకారంలో ఒక కన్నం ఉంది. నలుపులో దాక్కున్నదాన్ని సాఫ్ట్‌వేర్‌తో కొంచెం బయటికి ఈడ్చొచ్చు. తెలుపులో పోయినదాన్ని ఎవడూ తేలేడు, అక్కడ దాక్కోడానికే ఏమీ ఉండదు. నేను ఆఫీసులో టెస్టర్ని, ఇతరుల తప్పులు వెతికి జీతం తీసుకునేదాన్ని, ఈ మాట నాకు వేరేవాళ్లు చెప్పక్కర్లేదు. అయినా మనిషి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. ఒకళ్లని మరీ తెల్లగా చూస్తే వివరాలు పోతాయి. బాబాయ్ నాకు పదహారో ఏట పాత కెమెరా ఇచ్చి చెప్పిన మొదటి పాఠం: "తెల్ల పక్షికి సూర్యుడు నీ వీపు మీదుండాలి అమ్మడూ, కిందగా, మెత్తగా ఉన్నప్పుడు. కాస్త పైకెక్కాడా, మూత పెట్టేసి ఇంటికి రా." అలాగే తీశాను. శుభ్రంగా వస్తాయి, కాదనను. చదునుగా కూడా వస్తాయి, సున్నం కొట్టిన గోడకి ముక్కు అతికించినట్టు. పక్క నుంచి పడే వెలుగైతే ఈక ఈకకీ సన్నటి నీడ పడి మెడ గుండ్రంగా కనిపిస్తుంది, మబ్బు పట్టిన రోజు దొరికే వెలుగైతే చంటిపిల్లని దుప్పట్లో చుట్టినట్టు మెత్తగా ఉంటుంది. మరి వెనక వెలుగు? అడిగినప్పుడల్లా "అది తర్వాత పాఠం" అనేవాడు. పదేళ్లుగా అది తర్వాతే.

బల్ల ఊగింది. కప్పులో కాఫీ పోసి నా వైపు జరిపాడు, చూడకుండానే. పిన్ని పెట్టిచ్చిన కాఫీ, పంచదార నాకు సరిపడా. తీసుకున్నాను. ద్రోహం చేసినవాడి చేతి కాఫీ కూడా వేడిగానే ఉంటుందని, చలిలో వేళ్లు దాన్ని పట్టుకుని సిగ్గు లేకుండా సంతోషిస్తాయని ఇవాళ తెలిసింది. ఆ వేళ్లనే కదా ఈయన మొదటిసారి నాకు లోపలి నుంచి చూపించింది. బాబాయ్ ముప్పై మూడేళ్లు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీశాడు. ఎనిమిదేళ్లప్పుడు నేను సైకిలు మీద నుంచి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంటే ఆయన గదికే తీసుకెళ్లారు. ఏడుస్తున్నదాన్ని ఎత్తుకుని, వెలిగే పెట్టె మీద నా చేతి ఫిల్మ్ పెట్టి చూపించాడు. బొమికలు, బొమికల మధ్య చీకటి, ఒకచోట వెంట్రుకంత గీత. "ముందు నుంచి వెలుగేస్తే బుగ్గలు కనపడతాయి. విరిగింది కనపడాలంటే వెలుగు వెనక ఉండాలి," అన్నాడు. ఫిల్మ్ మూల ఎల్ అని ఒక అక్షరం తెల్లగా మెరుస్తుంటే అదేంటని అడిగాను, ఏడుపు ఆపి. సీసంతో చేసిన గుర్తు, ఎడమ చెయ్యని చెప్పడానికి. గుర్తు లేని ఫిల్మ్‌ని ఎవరైనా తిరగేసి చూస్తే ఎడమ కుడి అయిపోతుందట, అప్పుడు విరిగిన చెయ్యి విరిగినట్టే ఉంటుంది, మంచి చేతికి కట్టు పడుతుంది. ఒకసారి నిజంగా పడిందట, ఆయన కింద పనిచేసే కుర్రాడు గుర్తు పెట్టడం మర్చిపోతే. రెండు రోజులు అన్నం తినలేదని పిన్ని చెప్పేది, తప్పు తనది కాకపోయినా.

అప్పటి నుంచి బాబాయ్ గుర్తు పెట్టని వస్తువంటూ లేదు ఆ ఇంట్లో. ఉప్పు డబ్బా మీద ఉప్పు, తెరిచిన తేదీ. టార్చిలైటు మీద బ్యాటరీ వేసిన తేదీ. "నా వీపు మీద కూడా రాసిపెట్టుకోండి, తిరిగి పడుకుంటే ఎవరో తెలీదు," అంటుంది పిన్ని. ప్రింటు వేయించిన ప్రతి ఫోటో వెనకా చిన్న తెల్ల కాగితం అతికిస్తాడు, పక్షి, తేదీ, టైము, వెలుగు ఎటు నుంచి. మా ఇంట్లో గోడకున్న ఏ ఫోటో అయినా దించి తిరగేయండి, నీలం సిరాతో నిటారుగా నిలబడ్డ ఆయన అక్షరాలు ఉంటాయి: వెలుగు, ముందు నుంచి. వెలుగు, ముందు నుంచి. వెలుగు, ముందు నుంచి.

నెల కిందట ఒక గురువారం. బాబాయ్ కార్డు గడువు అయిపోయింది, కొత్తది కావాలంటే కంటి పరీక్ష కాగితం తెమ్మన్నారట, "తర్వాత చూద్దాంలే, ఇవాళ్టికి నీది ఇవ్వవే," అన్నాడు. ఇచ్చాను. కార్డేగా. ఆ రోజు మా ఆఫీసులో రిలీజు, తెల్లవారుజామునే వెళ్లి ఎవడో రాసిన చెత్త కోడ్ ముందు కూర్చున్నాను. ఇక్కడి మెషీను మాత్రం నేను ఐదూ నలభై ఒకటికి రిజర్వాయరులోకి అడుగుపెట్టానని రాసుకుంది. మెషీన్లు అబద్ధం చెప్పవు, చెప్పింది రాసుకుంటాయి, అంతే. పదింటికి విజిల్ మేడమ్ ఫోను. పక్షుల లెక్కలు తీసే మా బృందానికి ఆవిడే పెద్ద, రిటైరైన డ్రిల్లు టీచరు, మెడలో ఈల ఇప్పటికీ తీయదు. ఆ రోజు ఈల ఊదినట్టు కాదు, ఊపిరి అందనట్టు మాట్లాడింది. ముప్పై ఒక్క గూళ్లు ఖాళీ. దిబ్బ చుట్టూ పెంకులు. పడమటి కట్ట మీద తడి మట్టిలో బూటు గుర్తులు, వెళ్లేవీ వచ్చేవీ. "నీ కార్డే ఉంది. నిన్నొక్కదాన్నే అనుమానించకూడదనుకున్నానే నేను." నోరు తెరిస్తే కార్డు ఇచ్చానని చెప్పాలి. కార్డు ఇంకొకరికి ఇవ్వడం ఇక్కడ పెద్ద నేరం, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ జన్మలో గేటు దాటలేరు.

ఆ సాయంత్రం బాబాయ్ ఇంటికెళ్లి ఏడ్చాను. కొంగపిల్లల కోసమే ఏడ్చాను, నిజంగా, నా కోసం తర్వాత. బాబాయ్ నా తల నిమిరి, "నేను మాటులోంచి కదల్లేదే. ఎవడో కంచె కింద నుంచి దూరుంటాడు, వెధవ," అన్నాడు. ఆ వెధవని తిట్టాడు చూడండి, వాడి కళ్లు పోను అన్నాడు, వాడి కెమెరా నీళ్లపాలవ్వ అన్నాడు, పసిగుడ్ల ఉసురు వాణ్ణి ఊరికే వదలదన్నాడు. వింటూ నాకు కొంచెం ఊరటగా కూడా అనిపించింది. తనని తాను అంత నోరారా, అంత వివరంగా తిట్టుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. తర్వాత నెమ్మదిగా అసలు సంగతికొచ్చాడు. నువ్వే వెళ్లానని ఒప్పేసుకో, తెలియక తాడు దాటానని క్షమాపణ రాసిచ్చేయ్, మొదటి తప్పు కదా ఏడాది నిషేధంతో పోతుంది, కార్డు సంగతి బయటపడితే ఇద్దరం పోతాం. కాగితం కూడా ఆయనే రాసిపెట్టాడు, నీలం సిరాతో, నిటారుగా. నా ఆఫీసు గేటులో నా పేరు ఆ టైముకి ఉంది, ఒక్క స్క్రీన్‌షాట్ పడేస్తే నేను బయటపడతాను. పడేయలేదు. ఈ కట్ట తప్ప ఈయనకి వేరే లోకం లేదు, నాకైతే ఉద్యోగముంది, వైఫై ఉంది, బోలెడు లోకాలున్నాయి అనుకున్నాను. త్యాగం చేస్తున్నానని లోపల కాస్త గర్వపడ్డాను కూడా, అబద్ధమెందుకు. ఇవాళ ఏడింటికి ఇంజినీరు గారు పంపుహౌస్‌లో షిఫ్టు మార్పుకి వస్తారు, ఆయన ఎదురుగా సంతకం పెట్టాలి. పెట్టాక గేటు బోర్డు మీద నా ఫోటో అతికిస్తారు, కింద ఏం చేశానో రాసి. కాగితం నా బ్యాగులో ఉంది. మళ్లీ ఏడాది దాకా ఈ మాటులో కూర్చోవడం నాకిదే చివరిసారి, అందుకే విజిల్ మేడమ్ జాలిపడి ఒక ఉదయం ఇప్పించింది, బాబాయ్‌ని అతిథిగా నా పక్కన రాయించుకుని వచ్చాను. ఇదంతా నిన్న మధ్యాహ్నం దాకా నా బుర్రలో ఉన్న కథ.

నిన్న మధ్యాహ్నం ఫ్రేముల షాపుకి వెళ్లాను. నా డిగ్రీ సర్టిఫికెట్‌కి అద్దం పగిలితే మార్చమని ఇచ్చాను, అది తెచ్చుకోడానికి. ఫ్రేములాయన సర్టిఫికెట్ ఇస్తూ, "మీ బాబాయ్ గారిది కూడా అయిపోయిందమ్మా, పట్టుకెళ్తారా? ఎవరికీ చూపించొద్దన్నారు. మీరు పరాయివాళ్లా ఏంటి, ఇంట్లోవాళ్లే కదా," అన్నాడు. మంచం ఎదురుగా పెట్టుకోడానికట. ఈయనలాంటి మనుషులు లేకపోతే లోకంలో ఒక్క రహస్యమూ బయటపడదు. బల్ల మీద నిలబెట్టాడు.

ఒక రెక్క. విప్పిన గొడుగులా రెక్క, కింద రెండు పిల్లలు, నోళ్లు తెరుచుకుని. సూర్యుడు దాని వెనకున్నాడు. ప్రతి ఈకా తన పక్క ఈక మీద పడి అక్కడ కొంచెం చిక్కబడి, ఈకల మధ్య నుంచి రెక్క బొమికలు, భుజం దగ్గర నుంచి చివరి వేలి దాకా, గులాబీ రంగులో. నా ఎనిమిదో ఏటి చెయ్యి. మొదటి క్షణం నాకు కలిగింది కోపం కాదు. ఎంత బాగుంది అనుకున్నాను. ఆ మాట నేను ఎవరికీ చెప్పను గానీ అదే ముందొచ్చింది, రెండోదే మిగతాది. చెట్టు లేదు, నీళ్లు లేవు, వెనకెక్కడో కనిపించాల్సిన ఈ మాటు లేదు, అన్నీ కోసేశాడు అంచుల్లో. సాక్షులందర్నీ కోసేశాడు. వెలుగుని ఎవరు కోయగలరు? అది రెక్క లోపలే ఉంది. సూర్యుడు కొంగ వెనకుండాలంటే మనిషి పడమటి కట్ట మీదుండాలి, తాడు అవతల, పదిహేనడుగుల్లో. తిరగేశాను. తెల్ల కాగితం. తెల్ల కొంగ, పిల్లలతో. ఆ గురువారం తేదీ. ఆరూ ఇరవై ఒకటి. వెలుగు: వెనక నుంచి. దొంగతనం చేసి రసీదు రాసిపెట్టుకునే దొంగని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. మా నాన్న తమ్ముడు. గుర్తు పెట్టకుండా ఒక్క ఫిల్మ్ కూడా వదలలేని మనిషి.

ఆకాశం అడుగున బూడిద రంగు విడుతోంది. బాబాయ్ లెన్సు మూత తీశాడు, తీసేముందు వేళ్లతో తడిమి అంచు వెతుక్కున్నాడు. ఆ తడమడం ఈ ఏడాదిలో మొదలైంది. కాఫీ పోసేటప్పుడు కప్పు లోపల వేలు పెట్టి కొలుచుకోవడం. మెట్టు దగ్గర ముందు కాలితో అడగడం. ఫోనులో అక్షరాలు ఆవగింజల నుంచి రేగుపళ్లంత చేసుకోవడం. కంటి కాగితం తర్వాత చూద్దాంలే అనడం. నేను టెస్టర్ని మహానుభావులారా, వేల లైన్లలో ఒక చుక్క తప్పితే పట్టుకుంటాను, ఇన్ని గుర్తులు పక్కనే ఊగుతుంటే ఒక్కటీ పట్టుకోలేదు. తెల్లగా చూశాను కదా.

ఆరూ పద్దెనిమిది. వీపు మీద వేడి ముందు తెలిసింది, తర్వాత వెలుగు. చెక్కల సందుల్లోంచి గీతలు గీతలుగా వచ్చి నీళ్ల మీద పరుచుకుని, దిబ్బ మీది ముళ్లచెట్లకి అంటుకుంది. ఖాళీ గూళ్లు కనిపిస్తున్నాయి, ఎవరో విసిరేసిన పుల్లల్లా. లెక్కపెట్టకూడదనుకుంటూనే తొమ్మిది దాకా లెక్కపెట్టాను. అప్పుడొచ్చింది ఒకటి. ఉత్తరం వైపు నుంచి, కాళ్లు వెనక్కి చాపుకుని, చప్పుడు లేకుండా. దిబ్బని ఒక చుట్టు చుట్టింది. ఇంకో చుట్టు. దిగింది. ఒకటే, నెల తర్వాత మొదటిది, ఖాళీ గూటి పక్కన నిలబడి మెడ సాగదీసి పడమటి కట్ట వైపే చూస్తోంది. వెలుగు దాని మొహం మీద నిండుగా, చదునుగా, తెల్లగా.

బల్ల ఊగింది. "వచ్చిందా?" అని గుసగుసగా అడిగాడు బాబాయ్. "దిగినట్టుంది. ఏ చెట్టు?" ఎదురుగానే ఉంది. నడి మధ్యలో ఉంది, పాలరాయిలా వెలుగుతూ. ఆయన లెన్సు దానికి రెండు చెట్ల అవతల వెతుకుతోంది. అలవాటుకొద్దీ నా చెవిలో, "వెలుగు తగ్గించుకోవే, కాలిపోద్ది," అన్నాడు.

టోకెన్ నంబరు ఎవరూ పిలవలేదు, నేనే లేచాను. "బాబాయ్, వెనక వెలుగు పాఠం నాకెందుకు చెప్పలేదు?"

"ష్. ఇప్పుడా?"

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అటు వెళ్తావని," అన్నాడు. అంత తేలిగ్గా, అంత ప్రేమగా, నిప్పు దగ్గరికి వెళ్లొద్దని చిన్నపిల్లకి చెప్పినట్టు అన్నాడు.

"నువ్వెళ్లావుగా."

లెన్సు కదలడం ఆగింది. బల్ల కూడా. "ఎవరన్నారే నీతో?"

"నువ్వే రాసిపెట్టావు. తేదీ, టైము, వెలుగు. కారు డిక్కీలో ఉంది, ఫ్రేములాయన చుట్టిచ్చాడు."

కొంగ ఒక కాలు మడుచుకుంది. తర్వాత బాబాయ్ నోట మాటలు వచ్చాయి, నేల మీద పడ్డ చిల్లర ఏరుకుంటున్నట్టు, ఒక్కోటి. "రెండు నిమిషాలే అమ్మడూ. లేస్తే మళ్లీ కూర్చుంటాయనుకున్నా. అన్నీ ఒకేసారి లేస్తాయని... నాకు తెలీదా, తెలుసు, కానీ అనుకున్నా. కంటి మధ్యలో మచ్చంట. పెరుగుతోందన్నాడు డాక్టరు, వచ్చే ఏడాదికి మనిషి మొహం పోల్చుకోలేవన్నాడు. ఇటు నుంచి చూస్తే నాకు తెల్లటి మసక తప్ప ఏం కనబడట్లేదే. అంచు వెలిగితేనే పక్షని తెలుస్తోంది."

"నాకు చెప్పొచ్చుగా."

"నీకు చెబితే మీ నాన్నకి చెబుతావు. మా అన్న సంగతి తెలీదా, కెమెరా లాక్కుని రేడియో కొనిస్తాడు."

నవ్వొచ్చింది. అదీ ఆయనతో వచ్చిన చిక్కు, గొంతు కోస్తూ కూడా నవ్వించగలడు. "అందుకని నా పేరిచ్చావు."

"ఇవ్వలేదే, కార్డు మీద అదే ఉంది, మెషీనులో పడిపోయింది. తర్వాత ఏం చెయ్యను? నీకింకా నలభై సీజన్లున్నాయి. అందులో ఒకటి నాకొదిలితే ఏం పోయింది?"

అడిగితే ఇచ్చేదాన్ని. నన్ను కాల్చేస్తున్నది అదే, మిగతాదంతా పొగ. చెయ్యి పట్టుకుని అమ్మడూ నాకు ఒక సీజను కావాలే అంటే, నలభైలో నాలుగిచ్చేదాన్ని, నేనే దగ్గరుండి ఈయన కన్ను నేనై, ఇటు కొంచెం, పైకి కొంచెం, ఆ, ఇప్పుడు నొక్కు అని చెప్పి తీయించేదాన్ని, తాడు దాటకుండా, ఏ మబ్బు రోజు మెత్తటి వెలుగు కోసమో కాచుకుని. ఈయన అడగలేదు, తీసుకున్నాడు, తీసుకున్నందుకు నేను ఏడుస్తుంటే తల నిమిరాడు. ఆ నిమిరిన చెయ్యే రాసింది కాగితం: నేను తెలియక తాడు దాటాను. ముప్పై ఒక్క గూళ్లు. అవి కూడా ఈయన్ని ఏమీ అడగలేదు. నేను ఒక్క మాటే అన్నాను, అంతకన్నా వరసలో నిలబడ్డవేవీ పనికొచ్చేలా లేవు. "మంచి చేతికి కట్టు కట్టావు బాబాయ్."

దెబ్బ తగిలినట్టు కనిపించలేదు. తలుపు దగ్గర తగిలించిన తన రాతనే చూస్తున్నాడు, నోటికి సెలవు, అది కూడా కనిపిస్తోందో లేదో. ఏడుకి పది నిమిషాలుంది. నేను ఫోటో తీయలేదు. మూత పెట్టి, కెమెరా సర్ది, లేచాను, ఆయన వైపు బల్ల ఒక్కసారిగా దిగింది.

మాటు తలుపు తూర్పుకి ఉంటుంది. తీయగానే సూర్యుడు మొహాన కొట్టాడు, బాబాయ్ ఆగిపోయి చెయ్యి చాపాడు, ఎప్పుడూ చాపినట్టే, నా భుజం ఎక్కడుంటుందో ఆ చేతికి తెలుసు. తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. కట్ట మీద గులకరాళ్లు, పక్కన నీళ్లు, పడితే నేనే ఎత్తాలి. ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ బరువు లేదు, అదే విచిత్రం. ఇరవై ఆరేళ్లు మోసినా తెలియని బరువు. "కార్డు సంగతి చెబితే నువ్వు కూడా పోతావే," అన్నాడు సగం దారిలో, బెదిరింపులా కాదు, గుర్తు చేస్తున్నట్టు. "తెలుసు," అన్నాను. పోతాను. నలభై సీజన్లూ పోతాయి. కానీ పోయేది నేను చేసినదానికి పోతాను, కార్డు ఇచ్చినందుకు. కొంగల్ని లేపినందుకు కాదు.

కారు డిక్కీ తెరిచి, కాగితం చుట్టిన ఫ్రేము బయటికి తీశాను. బాబాయ్ చెయ్యి భుజం మీద నుంచి జారి దాని అంచు పట్టుకుంది, మూల దాకా వెళ్లింది, ఆగింది. లాక్కుంటాడేమో అనుకున్నాను. బ్రతిమాలతాడేమో అనుకున్నాను, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. గొంతు సవరించుకుని, నా మొహం ఉంటుందనుకున్న వైపు తిరిగి, "ప్రింటు ఎలా వచ్చింది?" అని అడిగాడు.

నాకు పాఠాలు చెప్పిన పదేళ్లలో ఆయన నన్ను ఎప్పుడూ అడగని ప్రశ్న అది. అబద్ధం చెప్పొచ్చు. కాలిపోయింది బాబాయ్, ఒక్క ఈకా లేదు, ఉత్త కన్నం అని చెబితే చాలు, ఆ మాటతో ఈయన మిగిలిన చూపంతా చీకటి చేయొచ్చు. "ఎక్కడా కాలలేదు," అన్నాను. "ప్రతి ఈకా ఉంది. బొమికలు కూడా కనపడుతున్నాయి."

తల ఊపాడు. కళ్లు పెద్దవిగా చేసుకుని ఎండలోకి చూస్తూ, కారుకి ఆనుకుని నిలబడిపోయాడు.

పంపుహౌస్ తలుపు కూడా తూర్పుకే. చుట్టు తిరిగి గుమ్మంలో నిలబడేసరికి సూర్యుడు పూర్తిగా నా వెనకున్నాడు, నా నీడ బల్ల దాకా వెళ్లి ఇంజినీరు గారి రిజిస్టరు మీద పడింది. లోపల మోటార్లు రొద చేస్తున్నాయి. ఆయన తలెత్తి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరూ? మొహం కనపడట్లేదు, లోపలికి రండి," అన్నాడు. ఫ్రేముకి చుట్టిన కాగితం విప్పి, బొమ్మ కిందికీ అక్షరాలు పైకీ వచ్చేలా బల్ల మీద పెట్టాను, సంతకం లేని క్షమాపణ దాని పక్కన.

"నేనే సార్," అన్నాను. "కార్డు నాది. వచ్చిన మనిషి నేను కాదు."